కత్తెరక్క వేసిన ముడి

కత్తెరక్క లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. దారాలు వేలాడేవాళ్ళు, వేలాడనివాళ్ళు. మొదటి రకం ఎదురైతే ఆవిడ చెయ్యి ఊరుకోదు. బస్సులో ముందు సీటాయన కాలరు వెనక దారప్పోగు కనబడిందా, ఆయన దిగేలోపు అది ఊడి రావలసిందే. ఒకసారి బ్యాంకు లైనులో ఎవరో పెద్దమనిషి కోటు అంచున తోక కనబడితే, మెడలో వేలాడే బొటనవేలంత కత్తెర తీసి చటుక్కున కత్తిరించేసింది. జేబు కొట్టేస్తున్నారనుకుని ఆయన కెవ్వుమన్నాడు. బ్యాంకంతా ఒకటే గోల. "దొంగనా నేను? నలుగురిలో మీ పరువు కాపాడాను బాబూ!" అని ఆయన్నే ఎదురు దబాయించింది.

తోక అన్నది ఆవిడ పుట్టించిన మాట కాదు. చొక్కాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మాట. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఫ్యాక్టరీలో ఆవిడ చేసిన పని ఒక్కటే. కుట్టడం కాదు, కుట్టేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు కుట్టి పారేసిన చొక్కాలు గుట్టలుగా ఆఖరి బల్ల మీదికి వస్తాయి. కాలరు కింద, చంకల్లో, బొత్తాల వెనక, జేబు మూలల్లో తడుముకుంటూ పోయి, ఎక్కడైనా దారం మిగిలి ఉంటే ముడేసి కురచగా కత్తిరించాలి. ముడెయ్యకుండా కత్తిరిస్తే ఉతుకులో కుట్టు ఊడిపోతుంది. కత్తిరించకుండా వదిలేస్తే సూపర్‌వైజరు కంట్లో పడుతుంది. పడిందా, ఇక అంతే సంగతులు. ఆయన ఆ చొక్కాని హ్యాంగరుకి తగిలించి, బల్లల మధ్య ఊరేగిస్తూ, "ఎవరిదమ్మా ఈ తోక?" అని అడిగేవాడు. హాలంతా పకపకలు.

పనిలో చేరిన కొత్తలో ఒక తోక ఆవిడదే అయింది. తల కొట్టేసినట్టయింది. మంచినీళ్ళ కుళాయి వెనక నిలబడి కరువుదీరా ఏడ్చి, ఇక ఈ జన్మలో నా చేతిలోంచి తోక బయటికి పోదని ఒట్టు పెట్టుకుంది. పోలేదు కూడా. అప్పుడే బల్లవాళ్ళందరూ కత్తెరక్క అని పేరు పెట్టేశారు. ఆవిడ అసలు పేరు ఏమిటో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. పని మానేశాక కూడా కత్తెర మెడలోంచి దిగలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. బల్ల దగ్గర వచ్చిన బుద్ధి మాత్రం ఊరికే పోతుందా!

మొగుడు తొందరగా పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు. పేరు చిట్టి, బడిలో డ్రాయింగు టీచరు. అంతవరకు బాగానే ఉంది, చెప్పుకోవడానికి గౌరవంగానే ఉంది. కానీ సెలవు దొరికితే చాలు, బడిలో ఖాళీగా ఉండే గదిలో ఆడవాళ్ళని పోగేసి బొంతలు కుట్టిస్తుంది. కప్పుకునే బొంతలైతే పేచీ లేదు. సర్కారు మీద బొంతలు! ఏ మంత్రి ఏమన్నాడో, ఏ వీధిలో ఎవర్ని కొట్టారో, అన్నీ గుడ్డముక్కలతో బొమ్మలు కట్టించి గోడలకి తగిలిస్తుంది. ఒకసారి స్టేషనుకి పిలిపించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఎదురింటి వదిన వచ్చి అడిగితే కత్తెరక్క, "దానికి జ్వరమొదినా, పడుకుంది" అంది. మామూలుగా అయితే, "ఏదో డిజైన్లు వేస్తుంది" అనేది. కడుపున పుట్టిన పిల్ల గురించి అబద్ధం చెప్పిన ప్రతిసారీ మొహం పక్కకి తిప్పుకునేది.

చిట్టి కుట్టించిన ఆ బొంతలకే ఇప్పుడు ఊళ్ళోని పెద్ద మ్యూజియంలో ఎగ్జిబిషన్ పెట్టారు. పేపర్లో ఫొటో పడింది. ఎదురింటి వదిన ఆ పేపరు పట్టుకొచ్చి, "ఏంటొదినా, ఇంత గొప్ప కూతుర్ని కడుపులో దాచుకున్నావ్! డిజైన్లంటే ఇవా?" అంది. ఆ మాటలో మెచ్చుకోలెంతో వెటకారమెంతో కత్తెరక్కకి తేలలేదు. ఆ సాయంత్రమే చిట్టి ఫోను చేసి, "అమ్మా, ఎప్పుడు పిలిచినా మోకాళ్ళంటావు. ఈసారి నువ్వు రాకపోతే మాత్రం నేను నీతో మాట్లాడను" అంది. కత్తెరక్క సరేనంది.

ఇంకా తలుపులు తెరవకముందే చిట్టి తల్లిని వెనక దారిలో లోపలికి తీసుకెళ్ళింది. నున్నటి నేల, ఎత్తు గోడలు, ఎక్కడో ఒకాయన నిచ్చెనెక్కి లైట్లు సర్దుతున్నాడు. గుమ్మం దగ్గర కుర్చీలో మీసాల గార్డు ఒకడు. తను వేసుకొచ్చిన చెప్పులు టపటపమంటుంటే కత్తెరక్కకి సిగ్గేసి మునివేళ్ళ మీద నడిచింది.

"పడుకునేవాటిని నిలబెట్టారేంటే?" అంది గోడలు చూస్తూ.

"నిలబెడితేనే కదమ్మా జనం చూసేది."

మొదటి బొంత మీద కోటు వేసుకున్న పెద్ద నాయకుడు. కోటు బొత్తాలన్నీ తెరిచిన నోళ్ళే. మనిషికి చెవులు మాత్రం లేవు. కత్తెరక్క కిసుక్కున నవ్వి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. రెండోది ఎన్నికల బ్యానర్లు కత్తిరించి కుట్టింది. మొహాలు తీసేసి నవ్వే పళ్ళు మాత్రం ఉంచారు, బొంతనిండా పళ్ళే. మూడోదాని మధ్యలో ఒక కుర్చీ, కుర్చీ కింద బోలెడు కాళ్ళు.

"కుర్చీ బాగుంది. కాళ్ళెందుకే అన్నీ?"

"మోసేవాళ్ళవమ్మా."

"ఓహో" అంది కత్తెరక్క. అర్థమైంది. నిజానికి ఆవిడ బొమ్మల కంటే అంచులు ఎక్కువ చూస్తోంది. కూతురు అటు తిరిగినప్పుడు మూల కాస్త ఎత్తి వెనక్కి కూడా తొంగి చూసింది. ఎక్కడా తోక లేదు. ప్రాణం కుదుటపడింది. ఏమో అనుకున్నాం గానీ, పిల్లకి పనితనం ఉంది అనుకుంది. ఇన్నాళ్ళూ దీన్ని జ్వరమని దాచిపెట్టానే అని మనసులో ఒక మూల చురుక్కుమంది కూడా.

ఇంతలో నిచ్చెన మీది మనిషి చిట్టిని కేకేశాడు. "ఒక్క నిమిషమమ్మా. పక్క హాల్లో పెద్దది ఉంది. దాని సంగతి నేనొచ్చి చెప్తా, ఈలోగా కూర్చో" అని చిట్టి అటు పరిగెత్తింది.

కూర్చోమంటే కూర్చునే మనిషైతే కత్తెరక్క ఎందుకవుతుంది? పక్క హాల్లోకి వెళ్ళింది.

వెళ్ళి, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. గోడంతా ఒకటే బొంత. చొక్కా ముక్కలు, గౌను ముక్కలు, యూనిఫాం ముక్కలు, పసిపిల్ల స్వెట్టరు ముక్క కూడా. ప్రతి ముక్కకీ చుట్టూ ఎర్ర దారంతో చేతికుట్టు. కుట్టు ఆగిన చోటల్లా దారాలు వదిలేశారు! మూరెడు, జానెడు, కొన్ని నేల దాకా. బొంతనిండా తోకలే. ఫ్యాను గాలికి అన్నీ కదులుతున్నాయి.

కత్తెరక్కకి మొహం వేడెక్కిపోయింది. ఇంకాసేపట్లో తలుపులు తీస్తారు. పేపరువాళ్ళొస్తారు, పెద్దపెద్దవాళ్ళొస్తారు, ఎదురింటి వదిన కూడా వస్తానంది. అందరూ నిలబడి "ఎవరిదమ్మా ఈ తోక?" అంటే? ఎవరిదంటారు, చిట్టిదంటారు. చిట్టి ఎవరి కూతురు? ముప్పై ఏళ్ళు తోకలు కత్తిరించిన మనిషి కూతురు. కుట్టినవాళ్ళు పని రానివాళ్ళని తెలుస్తూనే ఉంది, కానీ ఇది చూసుకోవద్దూ? అక్కడక్కడా కొన్ని ముక్కలకి మాత్రం చక్కగా ముడేసి, మొదలంటా కత్తిరించి ఉంది. పని తెలిసిన మనిషి ఒకతైనా ఉందన్నమాట, పాపం అంతా చెయ్యలేక వదిలేసి పోయుంటుంది అనుకుంది.

పక్కన పెద్ద బోర్డు మీద బారెడు రాసి ఉంది. చిట్టి రాతలు ఎప్పుడూ అంతే, మొదలుపెడితే ముగియవు. కత్తెరక్క చదవలేదు. కింద ముట్టుకోరాదని కూడా రాసి ఉంది. అది చదివింది. చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం రాసిందది, కన్నతల్లికి కాదు కదా.

మీసాల గార్డు తలుపు దగ్గర టీ తెచ్చిన మనిషితో మాట్లాడుతున్నాడు. కత్తెరక్క బొంత దగ్గరికి వెళ్ళింది. సరిగ్గా జనం కళ్ళు పడే ఎత్తులో నీలిగళ్ళ చొక్కా జేబు ఒకటి ఉంది. దాని కిందనుంచి అన్నిటికంటే పొడుగు దారం. రెండు వేళ్ళతో పట్టుకుని, మొదట్లో బిగించి ముడేసి, కత్తెర తీసి ఠక్కుమని కత్తిరించింది. చూపుడువేలితో నిమిరితే ముడి తగిలీ తగలనట్టుంది. అంత సన్నంగా కుదిరింది. కత్తిరించిన దారాన్ని ఉండ చుట్టి పిడికిట్లో పెట్టుకుని, రెండో దారం అందుకోబోయింది.

"అమ్మా! అమ్మా! ముట్టుకోకూడదు" అని గార్డు పరిగెత్తుకొచ్చాడు.

"ఊరికే చూస్తున్నా నాయనా" అని కత్తెరక్క వెనక్కి తగ్గింది.

తలుపులు తీశారు. జనం నిండారు. చిట్టి ఒక గుంపుని వెంటబెట్టుకుని పెద్ద బొంత దగ్గరికి వచ్చింది. వాళ్ళు పెద్దవాళ్ళూ కాదు, పేపరువాళ్ళూ కాదు. రంగు వెలిసిన బట్టలు, పనిచేసి మొరటుదేలిన చేతులు. కొందరు పిల్లల్ని ఎత్తుకుని ఉన్నారు. "అమ్మా, ఇలా రా" అని చిట్టి తల్లి చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కుంది. "మా అమ్మ" అని అందరికీ చూపించింది. వాళ్ళు నవ్వారు.

అప్పుడు చిట్టి అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇవన్నీ పోలీసులు బండ్లలో ఎక్కించుకుపోయాక మళ్ళీ ఇంటికి రానివాళ్ళ బట్టలు. ఎక్కడ పెట్టారో చెప్పరు. ఉన్నారో లేరో కూడా చెప్పరు. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి ముక్క కుట్టారు. కుట్టి, ముడి వెయ్యకుండా దారం వదిలేశారు. మనిషి తిరిగొచ్చిన రోజు, మిగతా కుట్టు తన చేత్తో తనే పూర్తి చేస్తాడు. అందుకే అంత దారం. పోయారని రూఢిగా తెలిస్తే మాత్రం, ఇంటివాళ్ళే వచ్చి ముడేసి కత్తిరిస్తారు. అదిగో, అక్కడక్కడా ఉన్నాయి చూడండి. ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ దారాలు ముట్టుకోరు. నేను కూడా ముట్టుకోను."

కత్తెరక్క పిడికిలి బిగుసుకుపోయింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. చక్కగా కత్తిరించారని తను మెచ్చుకున్న ముక్కలవైపు ఇంకోసారి చూడ్డానికి కళ్ళు లేవలేదు. వాటిని చూసి 'పని తెలిసిన మనిషి' అనుకుంది తను!

చెప్పెయ్యాలి అనుకుంది. వెంటనే ఇంకో బుద్ధి పుట్టింది. ఇన్ని దారాల్లో ఒక దారం, ఎవరు చూడొచ్చారు? సాయంత్రం చిట్టి చెవిలో నెమ్మదిగా వేస్తే సరి, అదే ఏదో చేస్తుంది. ఆ బుద్ధికి కూడా సిగ్గేసింది, కానీ తేలు కుట్టిన దొంగలా నిలబడే ఉంది. గార్డు ఆవిడనే చూస్తున్నాడు.

ఇంటివాళ్ళు ఒక్కొక్కరే బొంత దగ్గరికి వెళ్ళి తమ దారం చేతిలోకి తీసుకుంటున్నారు. కొందరు ఏదో మాట్లాడుతున్నారు దానితో. ఒక పెద్దావిడ మాత్రం నీలిగళ్ళ జేబు ముందు నిలబడి గాల్లో వెతుకుతోంది. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పని ఆవిడకి. ముంజేతుల నిండా పాత వాతలు. ఆవిడ జేబు అంచు మీద వేలుపెట్టి రాసింది, ఇంకోసారి రాసింది. ముడి తగిలింది.

"చిట్టమ్మా" అంది వెనక్కి తిరగకుండానే. "కబురొచ్చిందా?"

"ఏం కబురు పిన్నీ?"

"మావాడిది ముడేసుంది. ఎవరేశారు? మా ఆయన వచ్చి వేశాడా? ఆయనకి తెలిసి నాకు చెప్పలేదా? ఎప్పుడు తెలిసింది? చెప్పు తల్లీ, నాకేం కాదు, చెప్పు."

చిట్టి మొహం పాలిపోయింది. "లేదు పిన్నీ, ఏ కబురూ రాలేదు. ఎవరో..." అంటూ గార్డు వైపు తిరిగింది. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని? మీరు ఇక్కడే ఉన్నారు కదా!"

మీసాల గార్డు కత్తెరక్క వైపు ఒక్కసారి చూశాడు. చూసి తల దించుకున్నాడు. "టీ మనిషొస్తే అటు వెళ్ళానండి. నాదే పొరపాటు" అన్నాడు.

చుట్టం కాదు, పక్కం కాదు, ఇవాళ్టిదాకా మొహమైనా ఎరగని మనిషి తన తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. తన పరువు కాపాడుతున్నాడు. కత్తెరక్క ఇక నిలబడలేకపోయింది.

"నేనే" అంది. "నేనే ముడేశాను, నేనే కత్తిరించాను. తెలియక చేశానమ్మా. దారం వేలాడుతుంటే తోక అనుకున్నా. నా కూతురి పని చూసి ఎవరైనా నవ్వుతారేమోనని... కబురేం రాలేదు తల్లీ. నీ కొడుక్కేం కాలేదు. అది నేను వేసిన ముడి." పిడికిలి విప్పి ఎర్ర దారం ఉండ చూపించింది.

"అమ్మా!" అంది చిట్టి. ఆ ఒక్క మాటే. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇస్త్రీ ఆవిడ అరవలేదు. పక్కనున్న బల్ల మీద మెల్లిగా కూర్చుంది. కత్తెరక్క వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. చిట్టి మిగతావాళ్ళని అవతలికి తీసుకెళ్ళింది.

"తిట్టు తల్లీ, కొట్టు. పడతాను" అంది కత్తెరక్క.

"నిన్నెందుకు తిడతాను" అంది ఆవిడ. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ముడి తగలగానే నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది" అంది.

కత్తెరక్క తలెత్తి చూసింది.

"వాణ్ణి ఎక్కించుకుపోయినప్పట్నుంచీ నేను తలుపు గడియ పెట్టలేదు. వస్తాడేమోనని. వాడికిష్టమైనవన్నీ ఇంకా వండుతూనే ఉన్నా. స్టేషన్లు తిరుగుతూనే ఉన్నా. ముడి తగిలేసరికి, అయిపోయింది, ఇవాళ గడియ పెట్టుకుని పడుకోవచ్చు అనుకున్నా. నా కొడుకు చచ్చిపోయాడని అనుకుని, హమ్మయ్య అనుకున్నా." ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "అలాంటిదాన్నని నాకు తెలీదు. నువ్వా ముడెయ్యకపోతే తెలిసేది కాదు."

కత్తెరక్క దగ్గర క్షమాపణలు బోలెడు సిద్ధంగా ఉన్నాయి. దారం కత్తిరించినందుకు చెప్పేవి అవన్నీ. ఈ మాటకి సరిపోయేది వాటిలో ఒక్కటీ లేదు. అలసిపోయావు తల్లీ, అంతే అందామనుకుంది. అనే అర్హత తనకెక్కడిది? ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఆవిడ తోసెయ్యలేదు.

"మా ఆయనకి చెప్పకు" అంది ఇస్త్రీ ఆవిడ. "మెట్లు ఎక్కలేక వెనకబడ్డాడు, వచ్చేస్తాడు. ముడి సంగతి ఎలాగూ తెలుస్తుంది. నేనన్నమాట మాత్రం చెప్పకు."

"నా ప్రాణం పోయినా చెప్పను."

పెద్దాయన వచ్చాడు. కర్ర పోటేసుకుంటూ నేరుగా నీలిగళ్ళ జేబు దగ్గరికే వెళ్ళాడు. ఆయన చెయ్యి కూడా గాల్లో వెతికింది. ఆ వెతుకులాట రెండోసారి చూడలేక కత్తెరక్క లేచి ఎదురెళ్ళింది.

"కబురేం రాలేదన్నయ్యా, కంగారు పడకండి. నేను తెలియక ముడేసి కత్తిరించాను. తప్పంతా నాదే. మీ ఆవిడ కూడా అడలిపోయింది పాపం, ఒకటే ఏడుపు" అంది.

పెద్దాయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కర్ర నేలకేసి కొట్టాడు. జనమంతా ఇటు తిరిగారు. ఎదురింటి వదిన కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బతికున్న బిడ్డని చంపేస్తావా? ఇంట్లో అది గడియ కూడా పెట్టుకోకుండా వాడికోసం కళ్ళల్లో ఒత్తులేసుకుని కూర్చుంటే, నువ్వొచ్చి ముడేస్తావా?" అన్నాడు. "నువ్వూ బిడ్డని కన్నదానివేనా? ఏ తల్లైనా చేసే పనేనా ఇది?"

కత్తెరక్క చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. ఆయన ఇంకా ఏమేమో అంటున్నాడు. అన్నీ పడింది. బల్ల మీద కూర్చున్న ఇస్త్రీ ఆవిడ కూడా తల వంచుకుంది.